మడి మీద ఏం కప్పాలి? వరిగడ్డి, ఎండుగడ్డి, పల్లిపొట్టు, రాలిన ఆకు, షీటు

ఉగాది దాటిందంటే మా పెరట్లో వంకాయ మొక్కలు మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తాయి. పొద్దున పోసిన నీళ్లు పన్నెండింటికల్లా ఎర్రమట్టిలో జాడ లేకుండా పోతాయి. మే నెలలో నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండకు వేర్లు ఉడికిపోకుండా నిలబెట్టేది నేల మీది కప్పు. మల్చింగ్ అనండి, ఆచ్ఛాదన అనండి, మా అమ్మ అన్నట్టు "మొదట్ల ఇంత చెత్త కప్పు బిడ్డా" అనండి, పని ఒకటే.

కప్పాలన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే. దేంతో కప్పాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. వరిగడ్డి కొనాలా, గట్ల మీది గడ్డి కోసి వేయాలా, మిల్లు దగ్గర పల్లిపొట్టు బస్తాలు తేవాలా, పక్క చేను ఆయనలా ప్లాస్టిక్ షీటు పరవాలా? మాది నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఎర్రచెలక. ఇంటి వెనక ఇరవై గజాల కూరగాయల మడి, ఊరవతల కొన్ని బత్తాయి చెట్లు. మా అక్క వనపర్తిలో బంగ్లా మీద కుండీల్లో పెంచుతుంది. మా ఇద్దరి దగ్గర నడిచిందీ నడవనిదీ కలిపి చెబుతున్నాను.

ఎంచుకునే ముందు

మొదటి ప్రశ్న చాలామంది అడగనిది: దీన్ని పశువు తింటుందా? మా దిక్కు ఎండాకాలంలో మేత కరువు. వానాకాలం సరిగా పడని ఏడు గడ్డిమోపు కోసం రైతు మండలాలు దాటి పోవాల్సి వస్తుంది. బర్రె తినగలిగిన గడ్డిని కొనుక్కొచ్చి టమాట మొదట్లో వేయడం నాకు మనసొప్పదు. పశువు తినేది పశువుకు, తిననిది మడికి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. తడిసి, మెత్తబడి, పశువు మూతి తిప్పుకునే గడ్డే నేల మీద బాగా పనిచేస్తుంది కాబట్టి ఇందులో మడికి నష్టమేమీ లేదు.

రెండోది గింజలు. కప్పు కింద కలుపు చావాలని వేస్తాం. ఆ కప్పులోనే గింజలు వస్తే కలుపును చేతులారా విత్తుకున్నట్టే.

మూడోది నేల. చెలక నీళ్లు తాగి వదిలేస్తుంది, అందుకని కప్పు మందంగా ఉండాలి. నల్లరేగడి నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. వానాకాలం దాని మీద మందంగా కప్పితే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. రేగడి వాళ్లు ఎండాకాలం నాలుగంగుళాలు వేసి, మృగశిర వానలు మొదలవగానే సగం పక్కకు లాగేయాలి.

నాలుగోది దూరం. వీటిలో చాలావాటికి సరుకు ధర కన్నా బండి కిరాయే ఎక్కువ పడుతుంది. మిర్యాలగూడ పక్కన ఉన్నవాళ్లకు చవకైనది అచ్చంపేటలో ఖరీదు, గద్వాలలో ఊరికే దొరికేది మునుగోడులో దొరకనే దొరకదు. అందుకే ఇక్కడ ధరలు రాయడం లేదు. మీ ఊరికి పది కిలోమీటర్ల లోపల ఏది మిగులుతోందో ముందు చూసుకోండి.

చెద, ఎలుక, నిప్పు, గాలి ఎక్కడైనా ఉండేవే. వాటి సంగతి ఒక్కోదాని దగ్గర చెబుతాను.

వరిగడ్డి

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలయ్యాక చేలల్లో గడ్డి పడి ఉంటుంది. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల వచ్చాక పాలమూరు దిక్కు కూడా వరి బాగా పెరిగింది. పశువులు తగ్గిన ఊళ్లలో ఆ గడ్డిని తగలబెట్టేస్తున్నారు. కాలబోయే గడ్డిని తెచ్చుకుంటే మీకూ మేలు, ఆ నేలకూ మేలు.

వరిగడ్డి అంతా ఒకటి కాదు. చేత్తో కోసి కొట్టిన గడ్డి పొడుగ్గా, నిటారుగా ఉంటుంది. పశువుకు అది మంచి మేత, వామి వేయడానికీ అదే. మడి మీద మాత్రం పుల్లల మధ్య సందుల్లోంచి ఎండ దిగి కలుపు లేస్తుంది. మిషన్ కోత గడ్డి ముక్కలై, నలిగి ఉంటుంది. నేలను పట్టుకుని పడుకుంటుంది. మడికి నేను ఇదే తెస్తాను. కాకపోతే మిషన్ గడ్డిలో తాలుతో పాటు గట్టి గింజలూ కొన్ని పోతాయి. మొదటి తడికే వరి మొలకలు పచ్చగా లేస్తాయి. భయపడొద్దు, వేలితో లాగితే వచ్చేస్తాయి. తుంగలా మొండి కలుపు కాదది.

బేలర్‌తో చుట్టిన కట్టలు మోయడానికి సులువు. విప్పేటప్పుడు తాడు ముక్కలన్నీ ఏరండి. ప్లాస్టిక్ తాడయితే మట్టిలో కలిసిపోదు, పశువు కడుపులోకి పోతే ఇంకా ప్రమాదం.

ఎంత కావాలి? వదులుగా నాలుగంగుళాలు పరిస్తే గజానికి మూడు, మూడున్నర కిలోలు పడుతుంది. నా ఇరవై గజాల మడికి అరవై డెబ్బై కిలోలు. ఇదే లెక్క ఎకరానికి వేసి చూడండి: 4,840 గజాలకు దాదాపు 16 టన్నులు. ఎకరం వరిలో వచ్చే గడ్డి రెండు, రెండున్నర టన్నులు. అంటే ఒక ఎకరం కూరగాయలకు నిండుగా కప్పాలంటే ఆరు నుంచి ఎనిమిది ఎకరాల వరిగడ్డి కావాలి. ఎకరాల మీద సాగు చేసేవాళ్లకు "గడ్డి కప్పండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఈ లెక్క చెప్పరు. ఆ మందం పెరటి మడికి, చెట్టు పాదుకు సరిపోయేది. చేనంతా పరచాలంటే పలచగానే వేయగలం. పలచటి కప్పు తడిని కొంత ఆపుతుంది గానీ కలుపును ఆపదు.

గడ్డి వేస్తే నేలలో నత్రజని లాగేసుకుంటుందని ఒక భయం ఉంది. సగం నిజం. వరిగడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, అది మట్టిలోంచే తీసుకుంటాయి. గడ్డిని మట్టిలో కలిపి దున్నితే మొక్క పసుపు పడేది ఇందుకే. పైన పరిచి వదిలేస్తే ఆ లాగుడు నేల పైపొర వరకే. నేనైతే గడ్డికి ముందు రెండంగుళాలు మాగిన పెంట ఎరువు పరుస్తాను, పదిహేను రోజులకోసారి జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు) చల్లుతాను. ఆకు పాలిపోవడం ఎప్పుడూ చూడలేదు. పంటయ్యాక మిగిలిన గడ్డిని మాత్రం మట్టిలో కలపను. పక్కకు లాగి, మళ్లీ నాటాక కప్పుతాను.

వామి అడుగున తడిసి నల్లబడిన గడ్డి ఉంటుంది కదా, రైతులు దాన్ని తీసి పారేస్తారు. అడిగి తెచ్చుకోండి. అందులో గింజ ముందే మొలిచి చచ్చి ఉంటుంది, గాలికి ఎగరదు, త్వరగా ఎరువవుతుంది. బూజు వాసన గట్టిగా ఉంటే మూతికి గుడ్డ కట్టుకుని పరచండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోసి ఎండబెట్టిన గడ్డి

గట్ల మీది గరిక, ఊద, బీడులో లేచిన పచ్చిక కోసి ఎండబెడితే అది వేరే సరుకు. వరిగడ్డి గింజ తీసేసిన కాడ. ఇది ఆకు, కాడ, కొన్నిసార్లు కంకి కూడా కలిసిన మొక్క. పచ్చగా ఉన్నప్పుడు కోశాం కాబట్టి నత్రజని ఎక్కువ, అందుకే నేలకు తిండి ఎక్కువ. మాకు వానాకాలంలో నెలన్నర, రెండు నెలల్లో కరిగిపోయి నల్లటి పొరగా మారింది. దాని కింద వానపాములు వరిగడ్డి కింద కన్నా ముందే వచ్చాయి.

దీని తంటా అంతా గింజలతోనే. పూత రాకముందు, ఆకు లేతగా ఉన్నప్పుడు కోస్తే ఇంతకన్నా మంచి కప్పు లేదు. గింజ పట్టాక కోస్తే ఇంతకన్నా చెడ్డది లేదు. మూడేళ్ల కింద దసరాకు ముందు బీడు గడ్డి కోసి బీరపాదులకు వేశాను. అందులో వయ్యారిభామ పూలతో సహా వచ్చింది. తర్వాతి వానాకాలమంతా పీకుతూనే ఉన్నాను, చేతులు దద్దుర్లు. వయ్యారిభామ ఉన్న చోట గడ్డి కోయనే కోయకండి. తుంగ గడ్డలూ గరిక వేళ్లూ మట్టితో వస్తే మళ్లీ బతుకుతాయి, అందుకే పీకిన గడ్డి వద్దు, కొడవలితో కోసిందే వాడండి.

గింజ పట్టిన గడ్డి ఇప్పటికే తెచ్చేసి ఉంటే పశువుల కొట్టంలో కింద పరుపుగా వేయండి. మూత్రం, పేడ కలిశాక ఆ గడ్డిని కుప్ప వేసి, వేడెక్కి చల్లారాకే మడికి తేవాలి. కొట్టం లేనివాళ్లు ఒక మూల కుప్ప పోసి తడుపుతూ మొలకెత్తనిచ్చి, తిరగేసి ఎండనివ్వండి. రెండుసార్లు చేస్తే చాలా గింజ పోతుంది, అంతా పోదు.

పల్లిపొట్టు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట. పల్లి పండే ఈ నేలల్లో కాయ కొట్టే మిల్లులు ఉన్నాయి, పొట్టు బస్తాల్లో దొరుకుతుంది. ఇటుక బట్టీలకూ బాయిలర్లకూ పోతుంది కాబట్టి ఊరికే ఇవ్వరు, అయినా కుండీలకు ఒకటి రెండు బస్తాలు బరువేమీ కాదు.

పశువుకు పెద్దగా పనికిరాదు, కలుపు గింజ ఉండదు, నిదానంగా కుళ్లుతుంది. అక్క కుండీల్లో ఒకసారి వేస్తే ఆరేడు నెలలు ఉంటుంది. బంగ్లా మీద వరిగడ్డి వేస్తే గాలికి పక్కింటి వాకిట్లో పడుతుందని ఆమెకు ఎప్పుడూ పేచీ, పొట్టు వేశాక అది తీరింది. చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. పొట్టులో పలుకులు మిగిలి ఉంటే ఎలుకలు, చీమలు వస్తాయి. జల్లెడ పట్టుకుంటే సరి. రెండోది ఇంకా ముఖ్యం: పల్లికి వచ్చే మొదలుకుళ్లు బూజు పొట్టుతో పాటు రావచ్చు. ఆ బూజే టమాటనూ మిరపనూ మొదట్లో పట్టి పడేస్తుంది, తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తాయి. పొట్టును వారం రోజులు మంచి ఎండలో పలచగా ఆరబోసి వాడండి, కాండానికి రెండంగుళాల దూరం ఉంచండి.

వరి ఊక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మిర్యాలగూడ దిక్కు మిల్లుల దగ్గర గుట్టలుగా ఉంటుంది. తేలిక, గాలికి లేస్తుంది, వానకు తేలి కొట్టుకుపోతుంది. విడిగా కప్పుగా నాకు నచ్చలేదు. కుండీ మట్టిలో కలపడానికి, గడ్డి కింద పలచగా చల్లడానికి బాగుంటుంది.

రాలిన ఆకు

పట్నంలో ఉండి పెరడు ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. మాఘం, ఫాల్గుణంలో వేప ఆకు రాలుతుంది, ఆ వెనకే కానుగ. సరిగ్గా మనకు కప్పు కావాల్సిన కాలానికి చెట్లే ఇస్తున్నాయి. ఊడ్చి నిప్పు పెట్టే అలవాటు మానితే చాలు. కానుగ ఆకు త్వరగా నేలలో కలుస్తుంది. మామిడి, టేకు ఆకులు గట్టివి, పెద్దవి. అట్లే వేస్తే ఒకదాని మీదొకటి అట్టలా పేరుకుని నీళ్లు దిగనివ్వవు. గోనెసంచిలో వేసి తొక్కి నలిపి పరచండి. నీలగిరి ఆకు మాత్రం లేత మొక్కల దగ్గరికి రానివ్వకండి, వాటి పెరుగుదలను అణచేస్తుంది.

గట్టు ఉన్న రైతు గిరిపుష్పం (గ్లైరిసిడియా) నాటుకోవాలి. మెట్ట సాగు వాళ్లకు హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా, CRIDA) శాస్త్రవేత్తలు గట్ల మీద ఇదే పెంచమంటారు. ఏడాదికి రెండు మూడుసార్లు కొమ్మలు నరికి ఆకు పరవొచ్చు. పప్పుజాతి చెట్టు కాబట్టి నత్రజని పుష్కలం. గడ్డి కొనే పని లేకుండా చేసే దారి చెలక రైతుకు నాకు తెలిసి ఇదొక్కటే.

పత్తికట్టె గురించి అడుగుతుంటారు. యంత్రంతో తురిమితే మంచి కప్పే. తురమకుండా కుప్ప వేస్తే మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే ఏటి పత్తికి దిగుతుంది. బెండ మడికి తురిమినదీ వద్దు, ఆ పురుగుకు బెండ కూడా ఇష్టమే.

ప్లాస్టిక్ షీటు

పైన వెండి, కింద నలుపు రంగు షీటు, 25 నుంచి 30 మైక్రాన్ల మందం. పుచ్చ, మిరప, టమాట ఎకరాల్లో వేసేవాళ్లకు దీని మేలు కాదనలేం. కూలీలు దొరకని రోజుల్లో కలుపు తీత తగ్గుతుంది, డ్రిప్ నీరు ఆవిరి కాదు, వెండి మెరుపుకు పేనుబంక, తామర పురుగుల తాకిడి తగ్గుతుంది. పైన చెప్పిన 16 టన్నుల గడ్డి లెక్క గుర్తుంటే ఎకరాల రైతు షీటు వైపు ఎందుకు పోతాడో అర్థమవుతుంది. నేను తప్పు పట్టను.

కానీ అది నేలకు తిండి పెట్టదు. ఒకటి రెండు పంటలకు చిరిగిపోతుంది, ముక్కలు మట్టిలో దిగిపోతాయి. ఏరి తీయడానికి మళ్లీ కూలీ. గట్టున తగలబెడితే వచ్చే పొగ విషం. తుంగ దాన్ని కూడా పొడుచుకుని పైకొస్తుంది. పెరటి మడికి, చెట్లకు షీటు వద్దనే నా మాట. వేసేవాళ్లు తీసే ఖర్చు కూడా ముందే లెక్కలో రాసుకోండి.

| కప్పు | మా దగ్గర నిలిచిన కాలం | కలుపు గింజ | పశువు తింటుందా | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| వరిగడ్డి | 3–5 నెలలు | కొద్దిగా, వరి మొలకలే | తింటుంది. పాడైనదే మడికి | కూరగాయల మడి, చెట్టు పాదు |
| పూతకు ముందు కోసిన గడ్డి | నెలన్నర–2 నెలలు | తక్కువ | తింటుంది | నేల బలం పెంచాలనుకునేవాళ్లు |
| గింజ పట్టిన గడ్డి | అంతే | చాలా ఎక్కువ | తింటుంది | కొట్టంలో పరుపుకే |
| పల్లిపొట్టు | 6–7 నెలలు | లేదు | పెద్దగా తినదు | కుండీలు, బంగ్లా తోట |
| రాలిన ఆకు | 3–4 నెలలు | దాదాపు లేదు | తినదు | పట్నం పెరడు, పండ్ల చెట్లు |
| షీటు | 1–2 పంటలు | లేదు | తినకూడదు | డ్రిప్ ఉన్న ఎకరాల సాగు |

బత్తాయి వాళ్లకు ప్రత్యేకంగా

నల్లగొండ బత్తాయికి కప్పు వేస్తే లాభం ఉంది, తప్పుగా వేస్తే చెట్టే పోతుంది. మొదలుకు ఆనించి గడ్డి కుప్ప పోస్తే అక్కడ తడి ఆరక బంక తెగులు పడుతుంది. బెరడు పగిలి జిగురు కారుతుంది. మొదలు నుంచి కనీసం అడుగున్నర ఖాళీ వదిలి, ఆకులు నీడ పడే అంచు వరకు గుండ్రంగా పరవండి. పీల్చుకునే వేళ్లు ఎక్కువగా ఉండేది ఆ అంచు దగ్గరే.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. సీజన్ కాపు కోసం చలికాలంలో నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదులుతాం కదా, ఆ రోజుల్లో పాదులో కప్పు ఉంటే నేల తడి ఆరదు, చెట్టుకు బెట్ట తగలదు, పూత పలచబడుతుంది. ఆ నెలా నెలన్నర గడ్డిని పాదు బయటికి లాగేయండి. మళ్లీ నీళ్లు పెట్టి పూత వచ్చి పిందె నిలిచాక లోపలికి తోయండి.

మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఎండాకాలం పాదుల్లో తెల్లటి పొర పేరుకునేది. నీరు ఆవిరై పోయి ఉప్పు పైన మిగలడం వల్ల వచ్చేదది. కప్పు వేసిన పాదుల్లో ఆ పొర బాగా తగ్గింది. నీళ్లలో ఉప్పు పోలేదు, పైకి రావడం తగ్గింది. అందుకని ఏటా ఒక మంచి వానకు పాదు నిండా నీళ్లు నిలిపి కిందికి దింపడం మానకండి.

వేసేటప్పుడు

ముందు నేలను బాగా తడిపి, తర్వాత కప్పండి. ఎండిన నేల మీద కప్పితే చిన్నవానలు గడ్డి తాగేస్తుంది, కిందికి చుక్క దిగదు. డ్రిప్ పైపు గడ్డి కిందే ఉండాలి. విత్తనం నేరుగా వేసిన మడికి మొక్క జానెడు ఎదిగేదాకా ఆగండి, లేకపోతే నారు కుళ్లుతుంది. వానాకాలంలో నత్తలు, రోకలిబండలు చేరితే నాలుగు రోజులు గడ్డి పక్కకు లాగి ఎండ తగలనివ్వండి.

చెలకల్లో చెద తప్పదు. అది ఎండిన దాన్ని తినడానికి వస్తుంది, తడి ఉన్న చోట బతికిన మొక్క జోలికి అరుదుగా పోతుంది. కొత్తగా నాటిన మామిడి, జామ మొక్కలకు మాత్రం ప్రమాదమే. గుప్పెడు వేపపిండి చల్లి ఆపైన కప్పండి, వాటికి వరిగడ్డి కన్నా వేప ఆకు మేలు.

గడ్డి నిల్వ ఇంటి గోడకు, వంటపొయ్యికి దూరంగా పెట్టండి. ఏప్రిల్, మే గాలికి ఒక్క బీడీ ముక్క చాలు. కప్పు కిందికి చెయ్యి పెట్టే ముందు కర్రతో ఒకసారి కదపండి. మా మడిలో పోయిన వేసవిలో రెండు తేళ్లు కనిపించాయి, చల్లదనం వాటికీ కావాలి. పిల్లలతో కాయలు కోయించేటప్పుడు ముందు మీరు వెళ్లి కర్రతో తిరగేసి, ఆ తర్వాతే వాళ్లను మడిలోకి పంపండి.